ఎనిమిది కళల తేడా



వేకువపూజకు గుడికి నడిచివచ్చే అలవాటున్న మీలో కొందరైనా దారిలో తలెత్తి ఆకాశం చూసి ఉంటారు. కొన్ని ఏండ్లలో కొన్ని నెలలపాటు అక్కడ ఒక ఎర్రని చుక్క కనబడుతుంది. మిగతా చుక్కల్లాగా మిణుకుమిణుకుమనదు, నిలకడగా వెలుగుతుంది. మన పెద్దలు దానిని కుజుడు అన్నారు, అంగారకుడు అన్నారు. నెలల తరబడి గమనిస్తే దాని నడక వింతగా ఉంటుంది. చుక్కల మధ్య తూర్పుగా సాగిపోతుంది, ఒకచోట ఆగినట్టవుతుంది, కొన్నాళ్లు వెనక్కి నడుస్తుంది, మళ్లీ ముందుకు సాగుతుంది.

ఈ ఒక్క గ్రహం దారి తెలుసుకోవడానికి ఒక మనిషి ఐదేండ్లు ధారపోశాడు. లెక్క దాదాపు కుదిరింది. దాదాపు మాత్రమే. మిగిలిన తేడా ఎంతో తెలుసా? పూర్ణచంద్రుని బింబం వెడల్పులో నాలుగోవంతు. ఇంకెవరైనా అయితే సరిపెట్టుకునేవారు. ఆ మనిషి సరిపెట్టుకోలేదు. చేసిన పనినంతా పక్కకు తోసి మొదటినుంచి మొదలుపెట్టాడు. ఆయన పేరు జోహాన్నెస్ కెప్లర్.

ముందే ఒక మాట చెప్పాలి. ఈ వారం మీరు చదవబోయేది పునీతుని చరిత్ర కాదు, కతోలికుని చరిత్ర కూడా కాదు. కెప్లర్ లూథరన్ క్రైస్తవుడు. మన కతోలిక పాలకులు ఆయనను ఇల్లు వదిలి పొమ్మన్నారు. ఆయన సొంత సంఘం వారు ప్రభుభోజనపు బల్లకు రానివ్వలేదు. అటువంటి వాని కథ మన పత్రికలో ఎందుకని మీరు అడగవచ్చు. చివరిదాకా చదివి మీరే చెప్పండి.

బాల్యం

కెప్లర్ 1571 డిసెంబరు 27న దక్షిణ జర్మనీలోని వైల్ డెర్ స్టాట్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. తండ్రి కూలికి యుద్ధం చేసే సైనికుడు. ఇల్లు పట్టనివాడు. కెప్లర్ యౌవనంలో ఉండగా వెళ్లిపోయి మళ్లీ తిరిగి రాలేదు. తల్లి కతరీనా పూటకూళ్లింటివారి బిడ్డ. ఆకు పసరు వైద్యం తెలిసిన మనిషి, నోటి దురుసు కూడా ఉండేది. చిన్నతనంలోనే కెప్లర్‌కు మశూచి సోకి చూపు మందగించింది. జీవితమంతా ఆకాశాన్ని గురించి ఆలోచించిన మనిషికి చుక్కలు స్పష్టంగా కనబడేవి కావు!

కాని ఆరవ ఏట, 1577లో, ఆ తల్లే అతని చెయ్యి పట్టుకుని ఎత్తైన చోటికి తీసుకుపోయి ఆకాశంలో వెలిగే పెద్ద తోకచుక్కను చూపించింది. ఆ రాత్రిని కెప్లర్ పెద్దయ్యాక కూడా గుర్తుంచుకున్నాడు. ఆ తల్లి సంగతి ముందు ముందు మళ్లీ వస్తుంది.

పేదింటి పిల్లవాడైనా తెలివిగలవాడని ఉపకారవేతనంతో చదివించారు. 1589లో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. పాదిరి కావాలన్నదే అతని కోరిక. అక్కడ మేస్ట్లిన్ అనే ఆచార్యుడు కోపర్నికస్ సిద్ధాంతాన్ని నేర్పాడు. భూమి కదలకుండా ఉండి సూర్యుడు చుట్టూ తిరగడం కాదు, సూర్యుని చుట్టూ భూమి సైతం తిరుగుతుందని 1543లో గ్రంథం వెలువరించిన కోపర్నికస్ మన కతోలికుడే, పోలండులోని ఫ్రాంబోర్క్ ప్రధాన దేవాలయంలో ఉద్యోగధర్మం నిర్వర్తించినవాడే.

చదువు ముగియకముందే, 1594లో, ఆస్ట్రియాలోని గ్రాట్స్ పట్టణపు ప్రొటెస్టంటు పాఠశాలకు లెక్కల ఉపాధ్యాయుడుగా కెప్లర్‌ను పంపించారు. ఆయన అయిష్టంగానే వెళ్లాడు. పోనుపోను ఆయన మనసు ఒకటి గ్రహించింది. పీఠం దగ్గర నిలబడి దేవుని మహిమను చాటడం ఒక పద్ధతి, సృష్టిలో దేవుడు పెట్టిన క్రమాన్ని లెక్కగట్టి చాటడం మరొక పద్ధతి. తనకు రెండవది ఇవ్వబడిందని ఆయన నమ్మాడు. ఆ నమ్మకం చనిపోయేవరకు సడలలేదు.

వెళ్లగొట్టబడినవాడు

ఇక్కడ మనం తల వంచుకుని చదవవలసిన భాగం వస్తుంది. గ్రాట్స్ ప్రాంతాన్ని ఏలిన ఆర్చిడ్యూకు ఫెర్డినాండు కతోలికుడు. తన రాజ్యంలో కతోలికులు తప్ప ఇతరులు ఉండరాదని నిశ్చయించాడు. 1598లో ప్రొటెస్టంటు ఉపాధ్యాయులను వెళ్లగొట్టారు. కెప్లర్ పాండిత్యాన్ని గౌరవించి ఆయనకు మాత్రం తిరిగి వచ్చే అనుమతి ఇచ్చారు. కాని 1600 ఆగస్టులో మళ్లీ విచారణ జరిగింది. కతోలికుడనని ఒక్క మాట చెబితే ఉద్యోగం, ఇల్లు, భార్య బార్బరా తరఫు ఆస్తి నిలుస్తాయి. మనసులో లేని మాటను కెప్లర్ నోటితో చెప్పలేదు. సామాన్లు బండ్లకెత్తుకుని కుటుంబంతో ఊరు విడిచాడు.

ఆయన చేరిన చోటు ప్రాగ్ నగరం. అక్కడ రెండవ రూడాల్ఫ్ చక్రవర్తి కొలువులో టైకో బ్రాహే అనే డెన్మార్కు దేశపు ప్రభువు ఉన్నాడు. దూరదర్శిని ఇంకా పుట్టని ఆ రోజుల్లో పెద్ద పెద్ద పరికరాలతో ఇరవై ఏండ్లకు పైగా రాత్రివెంబడి రాత్రి గ్రహాల స్థానాలను కొలిచి రాసుకున్నవాడు టైకో. అంత నమ్మకమైన కొలతలు లోకంలో మరెవరి దగ్గరా లేవు. చూపున్నవాడు టైకో, లెక్క తెలిసినవాడు కెప్లర్. ఇద్దరూ తగవులాడుకుంటూనే కలిసి పనిచేశారు. 1601 అక్టోబరులో టైకో మరణించగా చక్రవర్తి ఆ పదవిని కెప్లర్‌కు ఇచ్చాడు. ఒక కతోలిక పాలకుడు తరిమివేసిన మనిషిని మరొక కతోలిక పాలకుడు గౌరవంతో నియమించుకున్నాడన్నమాట.

ఎనిమిది కళలు

టైకో కెప్లర్‌కు అప్పగించిన గ్రహం అంగారకుడు. అన్నిటిలోకి మొండిది. ఎనిమిది రోజుల్లో దాని లెక్క తేల్చేస్తానని కెప్లర్ పందెం వేశాడు. పట్టింది ఐదేండ్లు.

అప్పటివరకు పండితులందరికీ ఒక నియమం ఉండేది. ఆకాశంలో ఉండేవి పరిపూర్ణమైనవి, పరిపూర్ణమైన ఆకారం వృత్తం, కాబట్టి గ్రహాలు వృత్తాల్లోనే తిరగాలి. అరిస్టాటిల్ కాలంనుంచి వస్తున్న మాట. కోపర్నికస్ కూడా దీన్ని దాటలేదు. కెప్లర్ కూడా వృత్తంతోనే మొదలుపెట్టాడు. కాగితాల మీద కాగితాలు నింపి, డెబ్బైసార్లు తిరగేసి లెక్క కట్టాడు. లెక్కించే యంత్రాలు లేవు, సంవర్గమానాల పట్టికలు కూడా అప్పటికి రాలేదు. అంతా చేతి గుణకారమే.

చివరికి ఒక లెక్క కుదిరింది. సంతోషించాడు. కాని మరొక దారిలో సరిచూస్తే టైకో కొలతకూ తన లెక్కకూ ఎనిమిది కళల తేడా వచ్చింది. వృత్తాన్ని 360 డిగ్రీలుగా, డిగ్రీని 60 భాగాలుగా చేస్తే ఆ చిన్న భాగాన్ని మన పాత జ్యోతిశ్శాస్త్రం కళ అంటుంది. నిండు చంద్రుని వెడల్పు సుమారు 30 కళలు. ఎనిమిది కళలంటే ఎంతో ఇప్పుడు ఊహించుకోండి.

మీరు ఆ స్థానంలో ఉంటే ఏం చేసేవారు? కొలతలో పొరపాటు జరిగి ఉంటుందిలే అనుకోవచ్చు. టైకో చనిపోయాడు, వచ్చి కాదనడు. పాతకాలపు కొలతల్లో పదేసి కళల తప్పు మామూలే. కాని కెప్లర్‌కు టైకో చేతిపని తెలుసు. ఆ మనిషి ఎనిమిది కళల తప్పు చేయడు. అలాంటి కొలతలు చేతికి అందడం దేవుని దయ అని, ఆ దయను కాదని సరిపెట్టుకోవడం తగదని కెప్లర్ తలచాడు. కొలత తప్పు కానప్పుడు తప్పు తన లెక్కలోనే ఉండాలి. రెండువేల ఏండ్లుగా అందరూ నమ్మిన వృత్తంలోనే ఉండాలి.

అందుకని మొదట మనం నిలుచున్న భూమి దారినే సరిచూశాడు. ఎలాగో వినండి. అంగారకుడు సూర్యుని ఒకసారి చుట్టి రావడానికి 687 రోజులు పడుతుంది. అంటే ప్రతి 687 రోజులకు అది తన దారిలో అదే చోట ఉంటుంది, భూమి మాత్రం వేరే చోట ఉంటుంది. ఊరి చెరువుగట్టు మీది తాటిచెట్టును గుర్తుపెట్టుకుని మనం పొలంలో ఎక్కడున్నామో పోల్చుకుంటాం గదా! అలాగే 687 రోజుల ఎడంతో తీసిన టైకో కొలతలను ఎంచుకుని, అంగారకుణ్ణి తాటిచెట్టు చేసుకుని, భూమి ఎక్కడెక్కడ ఉందో గుర్తించాడు. భూమి ఒకే వేగంతో తిరగడం లేదని తేలింది. సూర్యునికి దగ్గరైనప్పుడు వడిగా, దూరమైనప్పుడు మెల్లగా నడుస్తున్నది.

ఆ తరువాత అంగారకుని దారి. కోడిగుడ్డు ఆకారం అనుకున్నాడు, కుదరలేదు. సరైన సమాధానాన్ని ఒకసారి చేత్తో పట్టుకుని కూడా గుర్తించక పారవేశాడు. 1605లో తిరిగి దాని దగ్గరికే వచ్చాడు. అది దీర్ఘవృత్తం. నేలమీద రెండు మేకులు పాతి, వాటి చుట్టూ వదులుగా ఒక దారపు ముడి వేసి, పుల్లతో దారాన్ని బిగువుగా లాగుతూ గీత గీయండి. వచ్చే ఆకారమే దీర్ఘవృత్తం. ఆ రెండు మేకులలో ఒకదాని చోట సూర్యుడు ఉంటాడు. రెండవ మేకు చోట ఏమీ ఉండదు. ఎంత స్వల్పమైన సాగుదలనో చూడండి: అంగారకుని దారిని ఒక మీటరు పొడవు వచ్చేలా గీస్తే, దాని అడ్డం ఆ మీటరుకు నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే తక్కువ. ఎనిమిది కళలను పారవేసి ఉంటే ఈ నాలుగు మిల్లీమీటర్లు ఎన్నటికీ దొరికేవి కావు.

1609లో ఆయన గ్రంథం వెలువడింది. గ్రహాలు దీర్ఘవృత్తాల్లో తిరుగుతాయనేది మొదటి సూత్రం. సూర్యునికీ గ్రహానికీ మధ్య ఒక తాడు కట్టినట్టు ఊహిస్తే, అది సమానమైన కాలంలో సమానమైన వైశాల్యాన్ని ఊడుస్తుందనేది రెండవది. దగ్గరైనప్పుడు వేగం పెరగడానికి అదే కొలత.

ఈ సూత్రం మీ ఇంటి క్యాలెండరులో కూడా ఉంది. మార్చి 21 నుంచి సెప్టెంబరు 23 వరకు లెక్కించండి, 186 రోజులు వస్తాయి. అక్కడనుంచి మళ్లీ మార్చి 21కి 179 రోజులే. జనవరి మొదటి వారంలో, మనం చలికి దుప్పటి కప్పుకునే రోజుల్లో, భూమి సూర్యునికి అన్నిటికన్నా దగ్గరగా, 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. కనుక వడిగా నడుస్తుంది. జులైలో 15.2 కోట్ల కిలోమీటర్లకు పోతుంది. మన ఎండాకాలానికి కారణం ఈ దగ్గర దూరాలు కావు, భూమి తన ఇరుసు మీద వంగి ఉండటం.

కన్నీళ్ల కాలం

విద్యలో విజయం పొందినవాని ఇంట్లో సుఖం ఉందనుకోకండి. 1611లో ఆరేండ్ల కొడుకు ఫ్రీడ్రిష్ మశూచితో పోయాడు. అదే సంవత్సరం భార్య బార్బరా కన్నుమూసింది. 1612లో కెప్లర్ లింట్స్ పట్టణానికి మారాడు.

అక్కడ మరొక దెబ్బ కాచుకుని ఉంది. లూథరన్ సంఘం వారు తమ విశ్వాసాన్ని నిర్ణయించి 1577లో ఒక పత్రం రూపొందించారు. అందులో క్రీస్తునాథుని శరీరం అంతటా ఉంటుందనే భాగం కెప్లర్ మనస్సాక్షికి సమ్మతం కాలేదు. అభిప్రాయభేదమున్న కాల్విన్ వర్గం క్రైస్తవులను సోదరులు కారని అనడానికి కూడా ఆయనకు మనసొప్పలేదు. ఈ సంగతిని దాచుకోకుండా అక్కడి పాదిరితో చెప్పాడు. పూర్తిగా సంతకం చేయనిదే ప్రభుభోజనం ఇవ్వనన్నాడు పాదిరి. పై అధికారులకు మొరపెట్టుకుంటే వారు పాదిరినే సమర్థించారు. 1619లో ఆఖరి తీర్పు కూడా అదే.

చాలామంది చదవకుండానే సంతకం పెట్టి బల్ల దగ్గరికి పోతున్న కాలం అది. కెప్లర్ కూడా పెట్టవచ్చు, ఎవరికి తెలుస్తుంది? గురువుగా నేనీ మాట తేలికగా రాయడం లేదు. విశ్వాసాన్ని కాపాడే బాధ్యత ప్రతి సంఘానికీ ఉంది, మన శ్రీసభకూ ఉంది. కాని దేవుని బల్ల దగ్గర అబద్ధం ఆడకూడదన్న భయంతోనే బల్లకు దూరమైపోయిన మనిషి బాధను మీరు ఒక్క నిమిషం ఆలోచించండి. ఎనిమిది కళలను సరిపెట్టుకోని మనస్సే దీనినీ సరిపెట్టుకోలేదు.

అదే నిజాయితీ మనవైపు కూడా తిరిగింది. 1582లో పదమూడవ గ్రెగోరి పోపుగారు క్యాలెండరును సవరించారు. పోపుగారు చేసినది కాబట్టి ప్రొటెస్టంటు రాజ్యాలు దానిని అంగీకరించలేదు. 1613లో రేగెన్స్‌బర్గ్ మహాసభలో, లెక్క సరైనది కాబట్టి స్వీకరించాలని వాదించినవాడు ఈ లూథరన్ కెప్లరే. చెప్పినవారు ఎవరన్నది ఆయన చూడలేదు, చెప్పినది నిజమా కాదా అన్నదే చూశాడు.

తరువాత తల్లి సంగతి. 1615లో ఒక పొరుగామె కతరీనా మీద నేరం మోపింది. ఇచ్చిన పసరు తాగి జబ్బుపడ్డాననీ, ఆమె మంత్రగత్తె అనీ. ఆ రోజుల్లో ఈ నింద పడితే చావు తప్పడం కష్టం. 1620 ఆగస్టులో డెబ్బై దాటిన ముసలామెను పట్టుకుని గొలుసులతో కట్టి చెరలో పెట్టారు. కెప్లర్ తన పని వదిలి వందల మైళ్లు ప్రయాణించి వచ్చి, ఒక్కొక్క సాక్ష్యాన్నీ గ్రహాల లెక్కలాగే సరిచూసి, ఎక్కడ పొసగడం లేదో ఎత్తి చూపుతూ రాతపూర్వకంగా వాదించాడు. హింసించే పనిముట్లు కళ్ల ముందు పెట్టి బెదిరించినా ఆ తల్లి చేయని నేరం ఒప్పుకోలేదు. కొడుకు మొండితనం ఎక్కడనుంచి వచ్చిందో తెలుస్తున్నది గదా! పద్నాలుగు నెలల తరువాత 1621 అక్టోబరులో విడిచిపెట్టారు. ఆరు నెలలకే మరణించింది. కాని నిర్దోషిగా మరణించింది.

ఈ నింద నడుస్తుండగానే, 1618 ఆరంభంలో చిన్నకూతురు చనిపోయిన దుఃఖంలో, కెప్లర్ మూడవ సూత్రాన్ని కనుగొన్నాడు. గ్రహం చుట్టి వచ్చే కాలాన్ని వర్గం చేస్తే, దాని దూరం ఘనంతో సరిపోతుంది. బృహస్పతి దూరం భూమి దూరానికి 5.2 రెట్లు. 5.2ను మూడుసార్లు వేసి గుణించండి, 140.6 వస్తుంది. అది సూర్యుని చుట్టి రావడానికి 11.86 ఏండ్లు. దానిని దానితోనే గుణించండి, 140.7 వస్తుంది. ఏ గ్రహాన్ని తీసుకున్నా ఇంతే. మే 15న ఈ సంగతి తేలినప్పుడు కల కంటున్నానేమోనని ఆయన సందేహించాడు.

ఆయన పొరపాట్లు, మన పొరపాట్లు

కెప్లర్ అన్నీ సరిగా చెప్పలేదు. గ్రహాలను నడిపేది సూర్యుని అయస్కాంతం వంటి శక్తి అనుకున్నాడు. అది గురుత్వాకర్షణ అని 1687లో న్యూటన్ చూపించాడు. గ్రహాల మధ్య దూరాలకు క్షేత్రగణితపు ఆకారాలే కారణమని కెప్లర్ యౌవనంలో నమ్మాడు, అదీ నిలవలేదు. గ్రహాలన్నీ ఒకే దిక్కుగా, దాదాపు ఒకే తలంలో ఎందుకు తిరుగుతున్నాయి? 1755లో కాంట్, 1796లో లాప్లాస్ ఒక సమాధానం ఊహించారు, నేటి విజ్ఞానం దానిని ఎంతో మెరుగుపరిచింది. సుమారు 460 కోట్ల ఏండ్ల క్రితం వాయువు, ధూళి నిండిన ఒక మబ్బు తన బరువుకు తానే కుంచించుకుంది. కుంచించుకునే కొద్దీ వేగంగా తిరుగుతూ పళ్లెంలా పరచుకుంది. నడుమ సూర్యుడు రాజుకున్నాడు. చుట్టూ ఉన్న ధూళి రేణువులు అంటుకుని గులకరాళ్లయి, గులకరాళ్లు కొండలయి, కొండలు ఢీకొని కలిసి గ్రహాలయ్యాయి. ఒకే పళ్లెంలో పుట్టినవి కాబట్టే ఒకే దిక్కుగా తిరుగుతున్నాయి. గురువిద్యాలయంలో మాకు మొదటి కారణం, ద్వితీయ కారణాలు అని నేర్పేవారు. దేవుడు ధూళిచేత పని చేయించాడంటే దేవుని చెయ్యి కుదించుకుపోదు.

మనవారి పొరపాటూ చెప్పాలి. 1619లో కెప్లర్ రాసిన ఖగోళ పాఠ్యగ్రంథాన్ని రోమునగరంలో నిషిద్ధ గ్రంథాల జాబితాలో చేర్చారు. ఆ జాబితాలోనుంచి అటువంటి పుస్తకాలు తొలగింది 1835లో. 1992 అక్టోబరు 31న రెండవ జాన్‌పాల్ పోపుగారు గలిలియో విషయంలో నాటి వేదాంతులు పొరబడ్డారని బహిరంగంగా అంగీకరించారు. మత విషయంలో ఎవరినీ మనస్సాక్షికి విరుద్ధంగా బలవంతపెట్టరాదని రెండవ వాటికన్ మహాసభ 1965లో ప్రకటించింది. ఆ మాట 1600లో గ్రాట్స్‌లో వినిపించి ఉంటే ఒక కుటుంబం బండ్లెక్కేది కాదు.

అయినా నాడు కూడా మనవారిలో మంచి మనుషులు ఉన్నారు. పావుల్ గుల్డిన్ అనే యేసుసభ గురువు కెప్లర్‌కు స్నేహితుడు. సొంత దూరదర్శిని లేని కెప్లర్‌కు మరొక యేసుసభ గురువు జుక్కి చేత ఒకటి ఇప్పించాడు. కతోలికుడు కమ్మని కూడా ప్రేమతో అడిగాడు. తన జ్ఞానస్నానమే తనను సార్వత్రిక సభలో చేర్చిందని భావించిన కెప్లర్ మర్యాదగానే కాదన్నాడు. స్నేహం చెడలేదు.

చివరి ప్రయాణం

యుద్ధంలో లింట్స్‌లోని అచ్చుయంత్రం కాలిపోగా, 1627లో ఊల్మ్ పట్టణంలో టైకో కొలతల మీద కట్టిన గ్రహపట్టికలను అచ్చువేయించాడు. చక్రవర్తులు బాకీపడిన జీతం ఎన్నడూ పూర్తిగా రాలేదు. రావలసిన సొమ్ము కోసం గుర్రమెక్కి రేగెన్స్‌బర్గ్ వెళ్లి, జ్వరంతో 1630 నవంబరు 15న అక్కడే మరణించాడు. ఊరి గోడల బయట పాతిపెట్టారు. కొన్నేండ్లకే యుద్ధంలో ఆ శ్మశానం నాశనమైంది. ఈనాడు ఆయన సమాధి లేదు. కాని 2009లో ఆయన పేరుతో ఆకాశంలోకి పంపిన దూరదర్శిని 2018 వరకు పనిచేసి, ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలను 2,600కు పైగా పట్టి ఇచ్చింది. అవి కూడా ఆయన సూత్రాల ప్రకారమే తిరుగుతున్నాయి.

ఆయన చనిపోకముందు ఒకటి లెక్కగట్టి చెప్పాడు: 1631 నవంబరు 7న బుధగ్రహం సూర్యబింబం మీదుగా దాటుతుందని. ఆ రోజు పారిస్‌లో ఒక మనిషి గదిని చీకటి చేసి, కాగితం మీద సూర్యబింబం పడేట్టు చేసి కూర్చున్నాడు. మబ్బుల సందుల్లోనుంచి ఒక చిన్న నల్లచుక్క బింబం మీద కదులుతూ కనిపించింది. లోకంలో ఆ దృశ్యాన్ని ముందే తెలుసుకుని చూసి నమోదు చేసిన ఆ మనిషి పియేర్ గసెందీ. మన కతోలిక గురువు. మన పాలకులు వెళ్లగొట్టిన లూథరన్ లెక్కను నిజమని సాక్ష్యం చెప్పినవాడు దివ్యబలిపూజ చేసే గురువు.

ప్రియమైన తల్లిదండ్రులారా, మీ పిల్లలు ఇంటర్మీడియట్‌లో భౌతికశాస్త్రం ప్రాక్టికల్స్ చేస్తుంటారు. జవాబు ముందే తెలుసు కాబట్టి రీడింగులు దానికి తగినట్టు దిద్ది రికార్డులో రాయడం చాలాచోట్ల అలవాటు. చిన్న తేడాయే గదా అంటారు. మన విచారణ సంఘాల జమాఖర్చుల్లో, ఇంటి లెక్కల్లో, పాపసంకీర్తనపు గదిలో కూడా ఆ మాటే వినిపిస్తుంది. ఈ వారం మీ బిడ్డ రికార్డు రాస్తున్నప్పుడు పక్కన కూర్చోండి. వచ్చిన రీడింగే రాయమనండి, జవాబు తప్పినా సరే. ఎందుకని అడిగితే ఎనిమిది కళల కథ చెప్పండి.